నా పేరు మీద మారిన వంతు

ముందే చెబుతున్నాను, ఇది కోపంతో రాస్తున్నది. చల్లబడినాక రాద్దామని రెండేళ్లు ఆగినాను. చల్లబడలేదు. ఇక ఆగి ప్రయోజనం లేదని కూర్చున్నాను.

సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చిపోయే దారిని మా ఊళ్లో మొగ అంటాం. రొయ్య వచ్చినా పోయినా ఆ మొగలో నుంచే. అక్కడ గుంజలు పాతి వల కట్టినవాడికి ఆ రోజు పండగ. వెనకాల మోకాటి లోతు నీళ్లలో కట్టుకున్నవాడికి ఇంటి కూరకు వస్తే గొప్ప. రోజూ ఒకడే మొగ పట్టుకుని కూర్చుంటే తక్కినవాళ్లు గాలి పీల్చుకుని బతకాలి గదా. అందుకని మా ఊరూ, మాకు దక్షిణాన ఉండే కింది ఊరూ తాతలనాటి నుంచి చీట్లు వేసి వంతులు కట్టుకున్నాయి. పన్నెండు పడవలు. ఏ రోజు ఏ పడవ ఎక్కడ వల కట్టాలో ఒక పుస్తకంలో రాసేవాళ్లు. ఎవరన్నా వంతు మార్చుకుంటే ఆ ఇద్దరూ పక్కన వేలిముద్ర వెయ్యాలి.

కట్టుబాట్లు రెండే. వంతు దొంగిలించిన పడవ ఏడాది పాటు మొగ దిక్కు చూడకూడదు. పుస్తకం రాసే మనిషి తప్పు రాస్తే ఆ మనిషిని మార్చేస్తారు, పడవకు ఏమీ ఉండదు. ఈ రెండోది చిన్న శిక్ష అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినాను. ఎవరికి చిన్నదో ఎవరూ చెప్పలేదు.

ఆ పుస్తకంతో ఎప్పుడూ గొడవే. తడిసేది, చినిగేది, సరిగ్గా కావాల్సిన పేజీయే కనపడేది కాదు. ఒక తుఫాను తర్వాత పేజీ ఒకటి మాయమై, రెండు ఊళ్లవాళ్లూ తెడ్లు ఎత్తుకుని ఇసుకలో నిలబడినారు. మా నాయన మధ్యలో పడి ఆపినాడు. ఆయన మా ఊరి పెద్దల్లో ఒకడు.

నేను అప్పటికి నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడ నలుగురం కలిసి రాసే ప్రోగ్రాములన్నీ గిట్‌లో పెట్టేవాళ్లం. ఎవరు ఏ లైను రాసినారు, ఎవరు కొట్టేసినారు, ఎప్పుడు, అన్నీ అది గుర్తు పెట్టుకుంటుంది. ఆ పుస్తకం గొడవ విన్నప్పుడు నాకు ఒకటే తోచింది: ఏందబ్బా, ఇంత పోట్లాట దేనికి, ఆ వంతుల జాబితా తీసుకొచ్చి గిట్‌లో ఒక రిపోలో, అంటే ఒక ఖాతా పుస్తకం లాంటి దాంట్లో పెట్టి, దాన్ని వెబ్బులో అందరికీ కనపడేట్టు చేస్తే అయిపోతుంది గదా. నాయనకు చెప్పినాను. ఆయన వలల షెడ్డులో పెద్దల ముందు పెట్టినాడు. నవ్వినవాళ్లు నవ్వినారు. ఆడపిల్ల రాసే వంతు మీద మేం సముద్రానికి పోవాలా అన్నారంట ఒకాయన. మా పాప రాసిందంటే అది నేను చెప్పినట్టే అని నాయన అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం నన్ను పిలిపించి చాప మీద కూర్చోబెట్టినారు. ఆ చాప మీద అంతకుముందు ఆడమనిషి కూర్చున్నది లేదు. నేను గర్వపడినాను. దాచేదేముంది, ఉబ్బితబ్బిబ్బయినాను.

మా ఆఫీసులో పారేసిన పాత కంప్యూటరు ఒకటి అడిగి తెచ్చి, సొసైటీ గదిలో ఐసు పెట్టెల పక్కన పెట్టినాను. కరెంటు పోతే ఇన్వర్టరు. దాంట్లో రిపో, అదే మా సర్వరు. ఫోనున్న ఎవరైనా ఒక లింకు నొక్కితే ఆ రోజు వంతు కనపడుతుంది. కిందికి జరిపితే ఇంతవరకు జరిగిన ప్రతి మార్పూ ఉంటుంది. కొట్టేసిన లైను ఎర్రగా, కొత్తగా పెట్టిన లైను పచ్చగా, పక్కన రాసినవాళ్ల పేరూ తేదీ. చూడ్డానికి పాస్‌వర్డు అక్కర్లేదు. రాయడానికి మాత్రం తాళంచెవి లాంటి ఒక ఫైలు కావాలి, అది నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.

నెల తిరక్కుండానే అక్షరం ముక్క రాని ముసలాళ్లు కూడా రంగులు చదవడం నేర్చేసుకున్నారు. ఒక తాత ఫోను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, "పాపా, ఎర్రగీత ఒకటి కనపడతా ఉంది, ఇది ఎవరి నోటి దగ్గర కూడు?" అని అడిగేవాడు. ఇద్దరూ ఒప్పుకునే మార్చుకున్నారు తాతా అని చెబితే సరే అని ఫోను బొడ్లో దోపుకునేవాడు. మూడేళ్లు ఒక్క గొడవ లేదు.

నా తప్పులు ఇప్పుడు చెబుతాను. రెండు ఊళ్ల పెద్దలకూ తలా ఒక తాళంచెవి చేసి ఇవ్వాల్సింది. పుస్తకం ఒక చెయ్యే రాయాలి అని వాళ్లు అన్నారు, నాకు ఆ మాట తియ్యగా వినపడింది. వేలిముద్రలు ఇంక అక్కర్లేదు, మిషను అన్నీ గుర్తు పెట్టుకుంటుంది అని చెప్పింది కూడా నేనే. చదువుకున్న పిల్ల చెప్పింది గదా అని సిరా డబ్బా మూలన పడేసినారు. ఇక సోమవారం నుంచి శనివారం దాకా నేను నెల్లూరులో ఉంటే మార్పులు ఎవరు ఎక్కిస్తారని, ల్యాప్‌టాప్ ఇంట్లోనే వదిలి మా అన్నకు నేర్పించినాను. మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద, మా పడవ జట్టును నడిపేది వాడే. ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టలేక చస్తున్నానే అని గొణిగితే, సర్లే అని ఆ తాళంచెవికి ఉన్న పాస్‌వర్డు కూడా తీసేసినాను. వాడు ఏది ఎక్కించినా నా పేరుతోనే ఎక్కేది. అన్న గదా.

ఇంకొకటుంది. అది చెప్పడానికే నాకు సిగ్గు. ఒకసారి రెండు పడవల తేదీలు తారుమారు రాసినాను. దాన్ని దిద్దుతూ ఇంకో మార్పు రాస్తే సరిపోయేది. అట్లా చేస్తే నా పేరు పక్కన ఎర్రగీత పడి ఊరంతా చూస్తారు. నా తిక్క ఒప్పుకోలేదు. పాత రాతనే తిరగరాసి, సర్వరులో ఉన్నదాని మీద బలవంతంగా పుష్ కొట్టినాను, అంటే అక్కడున్నది పోయి నేను పంపింది కూర్చునేట్టు ఎక్కించినాను. మొదట రాసిన తప్పు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అన్న పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. ముందు రాసింది ఎవరికీ కనపడదా అని అడిగినాడు. కనపడదన్నాను. మరి తేదీ? పాత తేదీయే ఉంటుంది, నా పేరే ఉంటుంది అన్నాను. పైగా ఎంత తెలివిగా చేసినానో అని నవ్వినాను. ఆ నాలుగు కమాండ్లు మళ్లీ అవసరమవుతాయని ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టుకున్నాను.

కోట టౌనులో ఇంటరు చదివేటప్పుడు నా పక్క బెంచీలో కూర్చున్న నేస్తం ఒకతి కింది ఊళ్లో ఉండేది. వాళ్ల ఊళ్లో సిగ్నలు సరిగ్గా రాదు. అందుకని ఆమె ఆ రిపోను చరిత్రతో సహా తన ల్యాప్‌టాప్‌లోకి క్లోన్ చేసుకుని, సిగ్నలు దొరికినప్పుడల్లా కొత్త మార్పులు దించుకుని, కాగితం మీద ప్రింటు తీసి వాళ్ల షెడ్డు గోడకు అంటించేది. నేను తిరగరాసిన ఆ రోజు ఆమె కాపీ మొరాయించింది. తీసేసి మళ్లీ దించుకో అన్నాను. నా మాట నమ్మి తీసేసింది.

కార్తీకంలో వానలకు సరస్సు నిండి, మొగ తెగి, రొయ్య గుంపులు గుంపులుగా సముద్రానికి పోతుంది. ఆ నెల అమావాస్య ముందూ వెనకా మూడు రోజులు మొగ దగ్గర ఎవరికి వంతు వస్తుందో వాళ్లకు ఏడాది గడిచినట్టే. రెండేళ్ల కిందట ఆ మూడు రోజులూ మా నేస్తం వాళ్ల నాయన పడవకు చీటీ పడింది. పదకొండేళ్ల తర్వాత పడింది. నేనే రాసినాను, నాకు గుర్తుంది. గుర్తుండీ మళ్లీ ఆ పేజీ తెరిచి చూడలేదు, అదీ నా ఘనత.

ఇంకో పది రోజుల్లో అమావాస్య అనగా నేస్తం ఆఫీసుకు ఫోను చేసింది. కొత్తవి దించుకోబోతే రెండు చరిత్రలు కలవడం లేదని మిషను చెబుతోందంట. పనిలో ఉన్నాను, విసుక్కున్నాను. తీసేసి మళ్లీ దించుకోమన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "మే, ఒకసారి నువ్వు చెప్పినట్టు చేసినాను. ఈసారి నువ్వొచ్చి చూడు."

ఒళ్లు మండింది. నేను పెట్టిన సర్వరు, నేను రాసిన రాత, నన్ను అనుమానించేదానివా అనుకున్నాను. నేను పోలేదు, ఆదివారం తనే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినాం. ఆమె దాంట్లో ఆ మూడు రోజులు వాళ్ల పడవవి. సర్వరులో అవే మూడు రోజులు మా పడవవి. వాళ్లను వెనకాల నీళ్లలోకి తోసినారు. పోనీ కొత్తగా మార్చినట్టు ఉందా అంటే లేదు. రెండు నెలల కిందట చీట్లు వేసిన రోజు నేను రాసిన రాతనే తిరగరాసి, అదే తేదీతో, నా పేరుతో పెట్టినారు. ఎర్రగీత లేదు, పచ్చగీత లేదు. మొదటి నుంచీ అట్లాగే ఉన్నట్టు ఉంది.

నువ్వు కాదు గదా అని అడిగింది. చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణం ఆమె స్థానంలో నేనుంటే నేనూ అదే అడిగేదాన్ని అనిపించింది. సర్వరు లోపలి చిట్టా తీసి చూపించినాను. పుష్ ఎప్పుడు వచ్చినా అది గంటా నిమిషంతో రాసి పెట్టుకుంటుంది, దాన్ని బయటినుంచి మార్చలేరు. ఆ పుష్ వచ్చింది అంతకుముందు మంగళవారం పొద్దున, మా ఇంటి కనెక్షను నుంచి. మంగళవారం పొద్దున నేను నెల్లూరు ఆఫీసులో ఉన్నాను. ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తెలియదు, మేమిద్దరం పట్టినాం. ఆమె నా మొహం చూసి, నా చెయ్యి నొక్కింది.

అన్న పడవ దగ్గర అడుగు గీకుతున్నాడు. అడిగితే కాదని కూడా అనలేదు. జట్టులో అందరూ పీకుతున్నారన్నాడు, కార్తీక అమావాస్యకు మనకు వరసగా మూడేళ్లు వెనక నీళ్లే పడినాయన్నాడు. ఎవరికీ తెలిసేది కాదు గదా అన్నాడు. ఆఖరికి, "నాకు చూపించింది నువ్వే గదే" అన్నాడు. ఏడ్చినాను. రేపు పొద్దున షెడ్డులో లేచి నిలబడి చెప్పు, నేను మొదట చేసింది నేనూ చెబుతాను, ఇద్దరం ఒప్పుకుందాం అన్నాను. సరే అన్నాడు. నా ముఖం చూసి కూడా సరే అన్నాడు.

నాయనకు రెండు ల్యాప్‌టాపులూ చూపించినాను. ఆయనకు చదువు రాదు, రంగులు వచ్చు. రెంటికీ తేడా చూపించే పేజీ తెరిచి ఇస్తే, ఎర్రగీత మీద వేలు నడిపించి, పచ్చగీత మీద నడిపించి, వేలు అట్లాగే పెట్టుకుని కూర్చున్నాడు. అన్న చేసినాడని చెప్పినాను. తల ఊపినాడు. ఇది కింది ఊరోళ్లు చూసినారా అని ఒక్క మాట అడిగినాడు. నా నేస్తం చూసిందన్నాను. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. పాపం, పెద్దాయనకు పరువు దిగులు అనుకున్నాను.

మరుసటి రోజు సెలవు పెట్టి షెడ్డులో కూర్చున్నాను. రెండు ఊళ్ల పెద్దలూ వచ్చినారు. నేస్తం తన కాపీ చూపించింది. పాత వంతు ఏదో అందరికీ అర్థమైపోయింది, అక్కడ వాదన ఏమీ లేకపోయింది. కింది ఊరి పెద్దల్లో పెద్ద, పెద్దకాపు అంటాం, ఇది ఎవరి చేతిరాత అని అడిగినాడు. నేను అన్న వైపు చూసినాను. వాడు తేలు కుట్టిన దొంగలాగా చాప ఈనెలు పీకుతున్నాడు. కాసేపు చూసినాను. ఇంకాసేపు చూసినాను. వాడు లేవలేదు.

అప్పుడు నేనే లేచినాను. నేను చేయలేదని, ఆ రోజు నెల్లూరులో ఉన్నానని, ఇంట్లో మా అన్న చేసినాడని చెప్పినాను. నేను ఒకప్పుడు అట్లాంటి పనే చేసి వాడికి దారి చూపించినానని కూడా చెప్పినాను.

పెద్దకాపు మా నాయన వైపు తిరిగినాడు.

నాయన కండువా సర్దుకున్నాడు. "పేరు పాపదే ఉంది గదా. రాసింది పాపే. వాడికి ఆ మిషను ముట్టుకోవడం కూడా రాదు."

మంగళవారం చిట్టా తెరిచే ఉంది, చూడండి, ఈ గంట చూడండి అంటూ ల్యాప్‌టాప్ తిప్పినాను. కన్న తండ్రే చెప్పినాక ఇంకేముందమ్మా అని పెద్దకాపు దాన్ని చేత్తో పక్కకు జరిపినాడు. ఆ మనిషి కళ్లు నన్ను చూడలేదు. అప్పుడు చుట్టూ చూసినాను. ఒక్కరి మొహంలో ఆశ్చర్యం లేదు. ఎర్రగీత ఎవరి నోటి దగ్గర కూడు అని అడిగిన తాత కూడా తల దించుకున్నాడు. మా అన్న చేసినాడని అందరికీ తెలుసు. నాయన అబద్ధం చెబుతున్నాడని కూడా తెలుసు. నా నేస్తం వైపు చూసినాను. చిట్టా కళ్లారా చూసిన మనిషి. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటోంది. వాళ్ల వంతు వాళ్లకు తిరిగొచ్చింది, ఇంకా లాగితే తెడ్లు లేస్తాయి అని తర్వాత ఫోనులో చెప్పింది. తిలా పాపం తలా పిడికెడు.

తీర్పు చెప్పినారు. వంతులు నేస్తం కాపీలో ఉన్నట్టే. వేలిముద్రలు మళ్లీ మొదలు. పెద్దలకు తలా ఒక తాళంచెవి. తప్పు రాతను చెరపకూడదు, పిల్లలు చూసి బుద్ధి తెచ్చుకోవాలి, పక్కన ఉండనివ్వాలి. రాసే చెయ్యి మారాలి. ఇకమీద నా నేస్తం రాస్తుంది. మా పడవకు ఏమీ లేదు.

ఆ మార్పు కూడా నేనే చేయాల్సి వచ్చింది, ఇంకెవరికీ రాదు గనక. అదే చాప మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, ఆమె తాళంచెవి లోపల పెట్టి నాది తీసేసినాను. సర్వరు పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టినాను. అన్న అప్పటికే లేచి పడవ దగ్గరికి పోయినాడు.

ఇంటికి పోయే దారిలో నాయన ముందు నడుస్తున్నాడు, నేను వెనక. సొసైటీ గది దాటినాక ఆగినాడు. కోపం లేదు ఆయనకు. చిన్నప్పుడు అన్నం తినమని బతిమాలిన గొంతుతోనే అడిగినాడు.

"వాడి మీద పడితే పడవ ఏడాది ఒడ్డున ఉంటుంది. నలుగురి ఇళ్లల్లో పొయ్యి వెలగదు. నీ మీద పడితే ఏం ఆగుతుందమ్మా?"

సాయంత్రం బస్సుకు నెల్లూరు వచ్చేసినాను.

అమావాస్య రోజు ఆఫీసులో అన్నం తింటూ ఫోనులో ఆ లింకు తెరిచినాను. ఆ రోజు వంతు సరిగ్గా ఉంది, నా నేస్తం పేరుతో, టైముకే ఎక్కింది. వాళ్ల పడవకు మంచి వేట పడిందని తర్వాత విన్నాను. పేజీలో పక్కకు పోతే ఆ తప్పు రాత ఉంది, నా పేరుతో. పాస్‌వర్డు లేకుండా లోకంలో ఎవరైనా చూడొచ్చు. ఇప్పటికీ ఉంది.

నాయన అడిగినదానికి జవాబు బస్సు కోట దాటినాక వచ్చింది. ఒకటి ఆగింది నాయనా. ఆ రెండు ఊళ్లలో నేను నోరు తెరిచి ఇది నిజం అంటే మూడేళ్లు నమ్మినారు. షెడ్డులో ఆ రోజు కూడా నమ్మినారు, నమ్మి కూడా నువ్వు చెప్పినదానికే తల ఊపినారు. ఇక నేను ఏం చెప్పినా అంతే. నా మాట చెల్లడం నీ నోటితోనే ఆగింది.

ఇది ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. వారానికొకసారి ఫోను చేస్తాడు. మొగలో నీళ్లు ఎట్లా ఉన్నాయో, అన్న పడవకు ఎంత పడిందో చెబుతాడు. నేను ఊ కొడతాను.